అవ్వకు బువ్వ పెడితే ఆరాధన తప్పినట్టేనా?

ప్రశ్న: అన్నా, వందనాలు. మాది నారాయణపేట దిక్కు ఒక ఊరు, పేరు రాయను. నేను మా ఆయన పత్తి చేన్లకు, మిగతా రోజులల్ల దొరికిన కూలికి పోతం. ఇద్దరియి కలిపితే నెలకు 12,000 దాక వస్తయి, అందుల 1,200 దశమభాగం సంఘంల ఇస్తం, ఎన్నడు తప్పలే. మా ఇంటి పక్కపొంటి ఒక అవ్వ ఉంటది. కొడుకు కోడలు మేస్త్రి ఎంబడి బొంబాయికి పోయి రెండేండ్లాయె, ఫోన్ గూడ సరిగ చెయ్యరు. అవ్వకు బీపీ, షుగరు, కండ్లు మసక. ఆర్నెల్ల సంది పొద్దుమాపు అన్నం నేనే పెడుతున్న, గోళీలకు నెలకు 400 అయితున్నయి. మొన్న కాలికి పుండు అయితే రెండు ఆదివారాలు డాక్టర్ కాడికి తీస్కపోయిన, మిగతా రోజులు పోతే కూలి పోతది కదా, గందుకని చర్చికి పోలే. మా పాస్టర్ అయ్యగారేమో ముందు దేవుని ఆరాధన, తర్వాతనే సమాజసేవ అన్నరు. మా అత్తమ్మ అయితే ఆమె మనోళ్ళు కాదు, మైసమ్మకు కోడిని కోస్తది, సువార్త చెప్పకుంట ఉత్తగ అన్నం పెడితే ఏం లాభం అంటది. ఇప్పుడు మందిరంల కొత్త సౌండ్ సిస్టం అని ఇంటికి 5,000 రాసిన్రు. దశమభాగంల కెల్లి అవ్వ గోళీలకు తీస్తే దేవునిది దొంగిలించినట్టా? ఇంకోటి అన్నా, అవ్వ అప్పుడప్పుడు కొంగుల కట్టుకొని పది రూపాయలు తెస్తది, నేను తీస్కోను, అప్పుడు ముఖం చిన్నగ చేసుకుంటది. నేనేమన్న తప్పు చేస్తున్ననా? – ఒక చెల్లె

జవాబు: చెల్లెమ్మా, వందనాలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. రెండోసారి మా ఇంటామె పక్కన కూసొని విన్నది, విని 'ఆ పిల్లకు తప్పు లేదని రాయి, లేకపోతే ఇయ్యాల నీకు అన్నం లేదు' అన్నది, గందుకని ముందుగల్ల అదే రాస్తున్న. నువ్వు తప్పు చేస్తలేవు. ఆ రెండు ఆదివారాలు నువ్వు ఆరాధన ఎగ్గొట్టలే, డాక్టర్ బయట బెంచి మీద కూసొని చేసినవు.

మన దగ్గర సేవ అనే మాట జర పాడైపోయింది. ఫలానా అన్న ఫుల్ టైం సేవల ఉన్నడు అంటే మైకు పట్టుకొని వాక్యం చెప్తడని అర్థం. పుండు కడిగి గుడ్డ కట్టినోళ్ళను సేవ చేస్తున్నరని ఎవ్వరు అనరు, వాళ్ళకు సమాజసేవ అని పేరు పెట్టి ఒక మూలకు కూసోబెట్టినం. బైబిల్ల పాత నిబంధన రాసిన హీబ్రూ భాషల అవోదా అని ఒక మాట ఉన్నది. చేన్ల చేసే పనికి అదే మాట, దేవుని గుడారంల చేసే ఆరాధనకు గూడ అదే మాట. పత్తి ఏరే చేతులు నీవి, నీకు ఇది నాకంటే మంచిగ అర్థమైతది. ఇగ బైబిల్ల యాకోబు రాసిన ఉత్తరం, అదే యాకోబు పత్రిక అయితే సుట్టు తిప్పకుంట చెప్పేసింది, దేవుని ముందట పవిత్రమైన భక్తి ఏదంటే 'దిక్కులేని పిల్లలను విధవరాండ్రను వారి యిబ్బందిలో పరామర్శించుట', ఆ ఎంబడే లోకం మురికి అంటకుంట మనల్ని మనం కాపాడుకొనుడు, 1:27. రెండోది మనం మస్తు సార్లు వింటం, సినిమాలు చూడొద్దు, తాగొద్దు అని, మొదటిది మటుకు ఎందుకో మెల్లగ చదివి పక్కకు పోతరు.

నాకొక చెడ్డ అలవాటున్నది. ఎవరన్న ఒక వచనం చెప్పి భయపెడితే నేను రెండు మూడు వచనాలు పైకి పోయి చదువుత. అయ్యగారు నీకు హెబ్రీ 10:25 చెప్పే ఉంటరు, సమాజముగ కూడుట మానొద్దని. నిజమే, మానొద్దు. దాని మీది వచనం సూడు, ఒకరినొకరు ప్రేమకు, మంచి పనులకు పురికొల్పుకోవాలె అని ఉంటది. అంటే మనం ఆదివారం కూడేదే ఇటువంటి పనులకు ఊపు ఇచ్చుకోనీకె. నువ్వు ఆ పని చేస్తుంటే కూడికకు ఎదురు పోయినట్టు ఎట్లయితది?

దొంగిలించినట్టా అని అడిగినవు చూడు, అది మలాకీ 3:8 మాట, కానుకల సంచి తిరిగేటప్పుడు మస్తు మంది చదువుతరు. మూడు వచనాలు పైకి పో, 3:5కు. కూలోళ్ళ కూలి ఎగ్గొట్టినోళ్ళ మీద, విధవరాండ్రను తండ్రిలేనోళ్ళను బాధపెట్టినోళ్ళ మీద, పరదేశికి అన్యాయం చేసినోళ్ళ మీద నేను సాక్షిగ నిలబడుత అంటున్నడు దేవుడు. 8 చదివి 5 చదవకపోవుడు నాకు ఎప్పుడు అర్థం గాలే. ఇంకా దశమభాగం ఎవరెవరికి పోవాలెనో ద్వితీయోపదేశకాండం 14 చివర్ల చూడు, మూడేండ్లకొకసారి ఆ భాగం ఎక్కడికి పంపకుంట ఊర్లనే పెట్టాలె, లేవీయుడు (అంటే దేవుని గుడారంల సేవ చేసేటాయన), పరదేశి, తండ్రిలేని పిల్లలు, విధవరాలు వచ్చి కడుపునిండ తినాలె. ఇది నేను చెప్పేది కాదు, ధర్మశాస్త్రమే. కాబట్టి అవ్వ గోళీలు దాంట్లకెల్లి తెస్తే దొంగతనం కాదు, భయపడకు.

కాకపోతే అదే వచనంల లేవీయుడు గూడ ఉన్నడు, అది మర్చిపోకు. పల్లెటూర్ల అయ్యగార్లల్ల చాలమందికి జీతం లేదు, ఏం లేదు, కిరాయి ఇల్లు, పిల్లల ఫీజులు, బండ్ల పెట్రోలు, అంతా ఆ సంచిల పడ్డదాంట్లనే. మీ అయ్యగారు ఏసీ కార్ల తిరిగేటాయన అయితే వేరే మాట, నువ్వు రాసినదాన్ని బట్టి అట్ల అనిపిస్తలేదు. నేనైతే 1,200ల 800 సంఘానికి, 400 అవ్వకు అని ఆయనకు ముఖం మీదనే చెప్త, చాటుకు చెయ్య. చాటుకు చేస్తే రేపు ఎవరో చెప్పుతరు, అప్పుడు అది పెద్ద కథయితది.

అయినా చెల్లె, నీ దశమభాగం గొడవ సగం పీహెచ్‌సీ కాడనే తెగిపోతది. బీపీ, షుగర్ గోళీలు సర్కారు దవాఖానల పైసల్లేకుంట ఇస్తరు కదా. మీ ఊరి ఆశా వర్కర్‌ను పట్టుకో, అవ్వ పేరు రాపిచ్చు, నెలనెలా వస్తయి. ఆ 400 పెట్టి మెడికల్ షాపుల ఎందుకు కొంటున్నవు? ఇగ ఆ కాలి పుండు సంగతి, ఇది సీరియస్‌గ చెప్తున్న, షుగర్ ఉన్నోళ్ళకు కాలుకు స్పర్శ తగ్గుతది, నొప్పి లేదంటే మానుతున్నదని కాదు. నల్లగ అయినా, వాసన వచ్చినా ఊర్ల డాక్టర్ కాడ కట్టు కట్టిచ్చి ఊకోకు, జిల్లా దవాఖానకు తీస్కపో, ఒక్క రోజు కూలి పోయినా సరే. కాలు పోతే అవ్వ ఇగ లేవదు, అప్పుడు నీ పని పది వంతులు అయితది. అవ్వకు పింఛన్ వస్తదా లేదా రాయలే. ముసలోళ్ళకు సర్కారు ఇచ్చే పింఛన్ ఆమెకు వస్తుండాలె, వస్తలేదంటే ఏదో కాగితం ఆగింది. లేకపోతే పోస్టాఫీసుల వేలిముద్ర పడ్తలేదు, జీవితమంత కలుపు తీసిన వేళ్ళు, గీతలు అరిగిపోతయి, మిషన్ గుర్తు పట్టది. అట్లయితే పంచాయతీ సెక్రటరీ కాడికి అవ్వను తోలుకపోయి అడుగు. రేషన్ గూడ చూడు, మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తున్నయి, ఆమె కార్డు కొడుకు పేరు మీద ఉండి ఆగిపోయిందేమో. ఇదంత ఆరాధనల ఏడ రాసుంది అని అడగకు, రాసే ఉంది, విధవరాలికి రావాల్సింది ఇప్పిచ్చుడు ప్రవక్తలు మొత్తుకున్న సంగతే.

సౌండ్ సిస్టం మాట. 5,000 నీకు నెల కూలిల దగ్గరదగ్గర సగం. లేవు అని చెప్పు, చేతనైతే 200 రాయి. 'సణుగుకొనకయు బలవంతముగా కాకయు' ఇయ్యాలె అని పౌలు రాసిందే కదా, 2 కొరింథీ 9:7. దీనికి గూడ పైకి పోయి చూడు, 8, 9 అధ్యాయాలు మొత్తం ఒక చందా గురించే, ఆ చందా దేనికనుకున్నవు? యెరూషలేముల ఉన్న బీద విశ్వాసులకు. ఉత్సాహంగ ఇచ్చేవాన్ని దేవుడు ప్రేమిస్తడు అని మనం డ్రమ్ముసెట్టుకు, స్పీకర్లకు చదివే వచనం ఆకలిగొన్నోళ్ళ కోసం రాసిన ఉత్తరంల ఉన్నది.

అట్లని మందిరం కట్టుడు, మంచిగ పాడుడు తప్పు అంటలేను నేను, అది గూడ రాయకపోతే నాకు అన్యాయమైతది. మెదక్ చర్చి చూసినవా ఎన్నడన్న? మొదటి ప్రపంచ యుద్ధం నాటి కరువుల పాస్నెట్ దొర అనే మిషనరీ ఆ పని మొదలువెట్టి జనానికి కూలి దొరికేటట్టు చేసిండని ఇప్పటికి చెప్పుకుంటరు, పదేండ్లు కట్టిన్రు, 1924 డిసెంబర్ 25 నాడు ప్రతిష్ఠ అయ్యింది. ఆ గోడల రాళ్ళు మోసి ఎన్ని ఇండ్లల్ల పొయ్యి ముట్టిందో. మన పాలమూరుల మెన్నోనైట్ బ్రదరెన్ అనే మిషన్ వాళ్ళు గూడ ఉత్త చర్చిలే కట్టలే, జడ్చర్లల మిషన్ దవాఖాన గూడ పెట్టిన్రు. మందిరం కట్టినా, మైకు కొన్నా, ఒక్కటే అడుగుత నేను, దీనితోని ఎవరి కడుపు నిండింది? మీ సంఘంల ఎవరన్న అత్తరు కథ చెప్తరు, ఒక స్త్రీ యేసు తల మీద ఖరీదైన అత్తరు పోస్తే శిష్యులు అమ్మి బీదలకు ఇయ్యొచ్చు కదా అన్నరు, ఆయన బీదలు ఎప్పుడు మీతోనే ఉంటరు అన్నడు, కాబట్టి ముందు ఆరాధన అని. ఆ మాట ఆయన ద్వితీయోపదేశకాండం 15:11 కెల్లి తీసిండు. ఆడ ఆ వాక్యం ఏమని ఆగుతదో ఎరికెనా, బీదలు దేశంల ఉండక మానరు, అందుకే నీ చెయ్యి చాపు అని. ఎప్పుడు ఉంటరు కాబట్టి రేపు చూద్దాం అని కాదు.

ఇగ మీ అత్తమ్మ మాట. పాపం ఆమెను తిట్టకు, ఆమె నేర్చుకున్నదే ఆమె చెప్తున్నది. ఆమెకు ఒక పాత ముచ్చట చెప్పు. 1876-78ల ధాతు కరువు వచ్చింది, మన ముత్తాతల కాలం. ఒంగోలుల క్లౌ దొర అని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉంటుండె. ఆయన బకింగ్‌హామ్ కాలువల మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇప్పిచ్చిండు. వాళ్ళల్ల చాలమంది మాకు బాప్తిస్మం ఇయ్యి అని అడిగిన్రు. ఆయన ఇయ్యలే. కూటికోసం వచ్చిన్రన్న మాట రావొద్దని ఏడాది దాటి ఆగిండు, కరువు సాయం ఆపినంకనే ఇచ్చిండు. అప్పుడు 1878 జులై 3 నాడు ఒక్క రోజుల 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నరు. అన్నం పెట్టి సువార్త అమ్మొద్దని తెలుగు సంఘం మొదట్లనే నేర్చుకున్న పాఠం అది, మనం మధ్యల మర్చిపోయినం. మత్తయి 25ల గూడ చూడు, నేను ఆకలిగొంటే అన్నం పెట్టిన్రు అని రాజు అంటే, నీతిమంతులు ప్రభువా ఎప్పుడు పెట్టినం అని అడుగుతరు. వాళ్ళకు ఎరికె గూడ లేదు. ఎరికె లేకుంట చేసినదాన్నే ఆయన నాకు చేసిన్రు అన్నడు. అవ్వ మైసమ్మకు చేస్తే చెయ్యనియ్యి, ఆమె అడిగితే నీ దేవుని గురించి చెప్పు, అడగకపోతే పప్పుచారు పొయ్యి.

నేను ఇంత పెద్ద మాటలు చెప్తున్న కదా, నాది ఒక సంగతి చెప్త, ఇయ్యాల్టికీ గొంతుల ముల్లులెక్క ఉంటది. అప్పుడు మేం దేవరకొండ దిక్కు ఉంటుంటిమి, నేను సంఘంల పెద్దగ ఉండె. మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టినం, మూడో రోజు పొద్దుగూకంగ ఉపవాసం విడిచేటప్పుడు బగార అన్నం, చికెన్. పగటీలి వంటలు మొదలైనయి, లోపల పాటలు, నేను గేటు కాడ. ఒకామె వచ్చింది, చంకల పిల్ల, చేతిల స్టీలు గిన్నె, మూత లేదు. వాసన చూసి వచ్చింది. ఏమన్న ఉంటే పెట్టు అన్నది. నేను ప్రార్థన అయితుంది, పొద్దుగూకి రా తల్లీ అన్న. తల్లీ అని గూడ అన్న, మర్యాదగనే. ఆమె ఇంకో మాట అనలే, పోయింది. పొద్దుగూకి రాలే. రాత్రి మిగిలిన అన్నం రెండు గంజులు, పొద్దటికి పాసిపోతే చెత్తల పోసినం. ఇంటికి పోయి యెషయా 58 తీసిన, మూడు రోజులు ఆ అధ్యాయం మీదనే బోధలు నడిచినయి మా దగ్గర, నీ ఆహారము ఆకలిగొనినవారికి పెట్టు అని ఉంటది దాంట్ల. ఆమె ముఖం యాదికి లేదు చెల్లె, ఆ గిన్నె యాదికున్నది, ఒక దిక్కు సొట్ట పడ్డది.

మనమేమన్న ఉన్నోళ్ళమా అని నీకు అనిపిస్తదేమో. ఈ దిక్కు సంఘాలు కట్టినోళ్ళల్ల చాలమంది కూలోళ్ళే, జీతగాళ్ళే. ఒక ముద్ద ఉన్నా దాంట్లకెల్లి ఇంత తీసిపెట్టుడు మనకు కొత్త గాదు. మా అమ్మ పొయ్యి కాడ ఒక సట్టి ఉంటుండె, బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి దాంట్ల ఏస్తుండె, రెండు పూటలు. పిడికెడు బియ్యం అంటరు కదా. వారమైనంక ఆదివారం తువ్వాలల కట్టుకొని పోయి మందిరంల పోస్తుండె. మా ఇంట్ల మేం ఐదుగురు పిల్లలం, ఒక్కోనాడు మాకే సాలకపోతుండె, అయినా ఆ పిడికెడు ఆగకపోతుండె, అప్పుడు నాకు కోపమొస్తుండె గని ఇప్పుడు అర్థమైతుంది. మీ స్త్రీల సమాజంల అడుగు, మళ్ళ మొదలుపెట్టుమని, ఆ బియ్యం సంఘంలనే వేలం పెట్టకుంట మీ ఊర్ల ఇట్లాంటి అవ్వలు ఎందరున్నరో లెక్క తీసి వాళ్ళకు పంచుమని. వలస పోయిన ఊర్లల్ల ఒక్క అవ్వే ఉండదు, గల్లీకొకరు ఉంటరు. మొదటి సంఘంల గూడ విధవరాండ్రకు దినదినం అన్నం పెట్టే కాడ గొడవ వచ్చింది, అపొస్తలుల కార్యములు 6ల ఉంటది, అపొస్తలులు ఏం చేసిన్రు, ప్రార్థనకు అడ్డమని వంట బంద్ చెయ్యలే, మంచి పేరున్న ఏడుగురిని ఆ పనికి పెట్టిన్రు. ఒక్కదానివే మోస్తే నడుము పడిపోతది, వాక్యం చెప్తున్న అనుకోకు, నడుము గురించే చెప్తున్న. ఒక ఆదివారం నువ్వు అవ్వ ఎంబడి పోతే ఇంకో ఆదివారం ఇంకో చెల్లె పోవాలె. నువ్వు గూడ మందిరంల కూసొని ఆ పాట పాడాలె కదా, నీకు గూడ ఆకలి ఉంటది.

అవ్వ పేరు మటుకు మైకుల చెప్పనియ్యకు. ఫొటో అసలే వద్దు. క్రిస్మస్‌కు దుప్పట్లు పంచుతరు చూడు, ఒక్క దుప్పటి, దాని మీద పది చేతులు, ఎన్క ఫ్లెక్సీ, ముసలామె కింది దిక్కు చూస్తుంటది. నాకు ఆ ఫొటోలు వాట్సాప్‌ల వస్తే తీసేస్త.

ఆఖరికి ఆ పది రూపాయలు. ఈ ఒక్క కాడనే నువ్వు తప్పు చేస్తున్నవు చెల్లె, తీస్కో. ఆర్నెల్లు ఎవరి చేతి మీదనో బతుకుడు ఎట్లుంటదో మనకు తెల్వది, ఆమె ఆ పది కొంగుకు కట్టుకొని ఎన్ని రోజులు దాచుకున్నదో. బీద విధవరాలు రెండు కాసులు ఏస్తుంటే యేసు చూసిండు, చేయి పట్టుకొని ఆపలే, వద్దమ్మా నువ్వు ఉంచుకో అనలే. నువ్వు వద్దంటే ఇచ్చేదానివి నువ్వే, తీసుకునేది ఎప్పుడు ఆమెనే అయితది. ఈసారి తెస్తే తీస్కొని ఆమె ముందటనే పోరగాన్ని పంపి కొత్తిమీర తెప్పిచ్చు, పప్పుల ఏసి ఇయ్యాల అవ్వ పైసల కూర అని పిల్లలకు చెప్పు. చింతపండు గింజలు తీసుడు కండ్లు మసకున్నా చేతులకు తెలుస్తది, అది గూడ ఆమె ముందట పెట్టు, ఆమెను ఊకె కూసోబెట్టి తినిపియ్యకు.

పుండు మానుతున్నదా లేదా, వేలిముద్ర పడ్డదా లేదా, రెండూ రాయి. మా ఇంటామె అడుగుతున్నది.